పృష్ఠాధిష్ఠాన శాస్త్రం

పరుల వీపెక్కి కూర్చునే విద్యకు ఆద్యుడు భేతాళుడని పూర్వపక్షం. అది నిలవదు. ఆయన ఎక్కింది భుజం. కాళ్లతో మెలిక వేసిన దాఖలా లేదు. పైగా రాజు నోరు విప్పితే చాలు, చక్కా చెట్టెక్కేవాడు. బ్రెజిలియన్ జియు జిట్సు రిఫరీ ఆయనకు ఒక్క పాయింటూ ఇవ్వడు. ఆ క్రీడ అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ స్మృతి ప్రకారం రెండు మడమలూ ప్రత్యర్థి తొడల లోపలికి తగిలించి 3 సెకన్లు నిలవాలి. అప్పుడే 4 పాయింట్లు. ఎదురుగా గుండెల మీద కూర్చున్నా అవే 4. ముందునుంచి వచ్చినవాడికీ వెనకనుంచి వచ్చినవాడికీ ఒకే వెల కట్టిన ధర్మశాస్త్రం ఇదొక్కటే కాబోలు.

కరకాండ. ఒక చెయ్యి ప్రత్యర్థి భుజం మీదుగా, రెండోది చంక కిందుగా వెళ్లి రొమ్ము మీద కలుసుకోవాలి. దీని పేరు సీట్‌బెల్ట్. ఇక్కడ బెల్టు కట్టేది ప్రయాణికుడు, కట్టించుకునేది వాహనం. ఇక ఏ పక్కకు ఒరగాలన్నది అసలు చిక్కు. భుజం మీది చెయ్యి నేలవైపు ఉండేలా ఒరగాలని సిద్ధాంతం. చంక చేతి వైపు ఒరిగారా, ఎదుటివాడు నడుము జార్చుకుంటూ వీపును చాపకు ఆనించేస్తాడు. వీపు చాపదైపోయాక ఇక మీకేం మిగిలింది?

పాదకాండ చిన్నది: మడమలు పెనవేయరాదు. కొత్తవాడు గట్టిగా ఉంటుందని పెనవేస్తాడు. ముందున్నవాడు వాటి మీద తన కాళ్లు మెలివేసి నడుము ఎత్తుతాడు. వెనకున్నవాడు కేక పెట్టి, ఓడానంటూ చాప తడతాడు.

లోభాధికరణం. పట్టు పోయేది ఎక్కువగా మెడమీది ఆశవల్లే. పీక కోసం చెయ్యి చాచగానే రొమ్ముకూ వీపుకూ మధ్య సందు పడుతుంది, చేప జారుతుంది. 2003లో సావోపావ్లోలో జరిగిన ఏడీసీసీ కుస్తీ పోటీల్లో మార్సెలో గార్సియా మొదట ప్రత్యర్థి విటోర్ రిబేరో వీపుకు అతుక్కుపోయాడు. ఆ తర్వాతే మెడ. రిబేరో స్పృహ తప్పాడు. ఆ మెడపట్టు బిగించేది గొంతును కాదు, మెడకు రెండు పక్కలా ఉన్న కెరోటిడ్ ధమనులను.

ఆక్షేపణ: ముందున్నవాడు రెండు చేతులూ మెడకు కాపలా పెడితే? సమాధానం: చంక కింది చేతితో వాడి మణికట్టు పట్టి కిందికి తోసి, ఆ చేతిని మీ కాలితో అదిమి పెట్టండి. కరకాండా పాదకాండా సంధి చేసుకునేది ఇక్కడే. ఆ ఒప్పందంలో మెడ సంతకం ఎవరూ అడగరు.