కారుకు వేడి చేసింది

మా ఇంట్లో లోకం మొత్తాన్ని రెండే కుప్పలు పోసి పెట్టారు. ఒకటి వేడి, రెండోది చలవ. ఆవకాయ వేడి, మజ్జిగ చలవ. బొప్పాయి వేడి, సబ్జా గింజలు చలవ. కంట్లో ఎర్రజీర కనపడినా, కాలి మడమ పగిలినా, పిల్లవాడికి లెక్కల్లో మార్కులు తగ్గినా మా అవ్వ తీర్పు ఒకటే: "వేడి చేసింది." అలాంటి ఇంటికి నేను టర్బో కారు తోలుకొచ్చాను.

కొత్తది కాదు. హైదరాబాదులో ఎవరో మోజు తీరాక అమ్ముకున్న పెట్రోలు బండి. డిక్కీ మీద 'టర్బో' అని వెండిరంగు అక్షరాలుంటాయి. అవి చూసే కొన్నానని మా ఆవిడ అంటుంది. కాదని నేను ఇంతవరకు నిరూపించలేకపోయాను.

"టర్బో అంటే ఏందిరా?" అంది అవ్వ.

చెప్పాను. ఇంజను వదిలే పొగ ఊరికే పోకుండా ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు ఇంకోవైపున్న చక్రం బయటిగాలిని లాగి, నొక్కి, ఇంజన్లోకి కూరుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, లాగుడు పెరుగుతుంది. 1905లోనే ఆల్‌ఫ్రెడ్ బ్యూషి అనే స్విట్జర్లాండు ఇంజనీరు దీనికి పేటెంటు తీసుకున్నాడు.

"విడిచిన గాలితోనే మళ్లీ గాలి పీల్చడమా? మీ తాత గురక అట్నే ఉండేది," అని తేల్చేసింది.

పెడలు నొక్కాక లాగుడు అందడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. దాన్ని టర్బో ల్యాగ్ అంటారు. పట్నం వాళ్లు దాని మీద గంటలు గంటలు వాపోతుంటారట. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేస్తే అప్పటినుంచీ నీళ్ల కోసం కొండల వైపు చూస్తూ పెరిగినవాళ్లం మేము. మాకు రెండు క్షణాలు ఒక లెక్కా?

నా అసలు రోగం మా బామ్మర్ది వచ్చాక మొదలైంది. వాడు సాఫ్టువేరు. అగ్గిపెట్టెంత డబ్బీ ఒకటి తెచ్చి స్టీరింగు కింద గుచ్చి, దాన్ని నా ఫోనుకు కలిపాడు. ఇంజను కడుపులో సంగతులన్నీ ఫోనులో అంకెలై కదలసాగాయి. "బావా, అన్నీ వదిలేయ్. ఈ ఒక్కటి చూడు. ఇంజను పీల్చే గాలి వేడి. ఇది పెరిగిందంటే బండి పని అయిపోయినట్టే," అని చెప్పి హైదరాబాదు బస్సెక్కాడు.

ఆ రోజునుంచి నేను రోడ్డు చూడటం తగ్గించాను.

మే నెల. బయట 43. ఫోనులో 78. రాచర్ల నుంచి గిద్దలూరు పోయేలోపు ఆ అంకెను ఎన్నిసార్లు చూశానో, పక్కన కూర్చున్న మా ఆవిడ ఆంజనేయస్వామిని అన్నిసార్లు తలుచుకుంది.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. నమ్మకపోతే సైకిలుకు గాలి కొట్టి పంపు అడుగు పట్టుకుని చూడండి. మా వైపు అయితే అంత శ్రమ కూడా అక్కర్లేదు. బోర్లు వేసీ వేసీ, కంప్రెషర్ లారీ దగ్గర ఏ గొట్టం ముట్టుకుంటే చెయ్యి కాలుతుందో చిన్నపిల్లలకూ తెలుసు. నలభై డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే టర్బోలోంచి 130 దాటి బయటికొస్తుంది. వేడిగాలి పలుచన. ఒత్తిడి రెట్టింపయింది కదా, రెండు బిందెల గాలి పట్టిందనుకుంటాం. నిజానికి పట్టేది ఒకటిన్నర బిందె. పైగా పెట్రోలు ఇంజన్లో గాలి మరీ వేడిగా ఉంటే మంట వేళకాని వేళ అంటుకుని టకటకా కొట్టుకుంటుంది. అది జరగకుండా కారులోని కంప్యూటరు ముందే భయపడి నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది. బండి నీరసపడుతుంది. అందుకే టర్బోకూ ఇంజనుకూ నడుమ ఇంటర్‌కూలర్ పెడతారు. బంపరు వెనక, రేడియేటరు లాగే పలుచటి అల్యూమినియం రేకుల చట్రం. ఎదురుగాలి దాన్ని తాకి లోపలి గాలిని చల్లారుస్తుంది. అది సరిగ్గా పనిచేస్తే రెండో బిందె దాదాపు నిండుతుంది.

ఇదంతా అవ్వకు వివరించాను. ఆమె ఓపిగ్గా విని, "నేను మొదట్నే చెప్పలా? దానికి వేడి చేసింది," అంది.

వైద్యం మొదలైంది. బామ్మర్ది ఫోనులోనే చీటీ రాశాడు: పాత ఫిల్టరు డబ్బా పీకేసి, శంఖంలాంటి ఫిల్టరు పెట్టించు. పెట్టించాను. బండి నాగుపాములా బుసకొట్టింది. అంకె 84కు ఎక్కింది. పాత డబ్బా ముందునుంచి బయటిగాలి తెచ్చేది. ఈ శంఖం బానెట్ లోపల ఇంజను సెగనే పీల్చింది. చల్లగాలి కావాలని కిటికీ మూసి పొయ్యి దగ్గర ముక్కు పెట్టినట్టయింది. మూడు వేలు బుసకే పోయాయి.

అవ్వ వైద్యం చవక. గోనెపట్టా తడిపి బానెట్ మీద కప్పింది. నేను నవ్వాను, నవ్వాల్సింది కాదు. జపానువాళ్ల మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్‌లో ఇంటర్‌కూలర్ మీద నీళ్లు చిమ్మే ఏర్పాటును కంపెనీయే పెట్టింది. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, టర్బో పెట్టుకుని జనానికి అమ్మకానికొచ్చిన తొలి కార్లలో ఒకటి. దానికి నీళ్లూ మిథైల్ ఆల్కహాలూ కలిపిన కషాయం సీసాలో పోసి పెట్టాలి. టర్బో ఊపందుకున్నప్పుడు ఆ కషాయం గాలిలో కలిసి చల్లబరిచేది. సీసా ఖాళీ అయితే టర్బో మొరాయించేది. పొయ్యడం జనం మరిచిపోయేవాళ్లు. ఆ ఇళ్లల్లో అవ్వలు లేరు కాబోలు. మా అవ్వ పద్ధతిలో లోపం ఒక్కటే, చోటు తప్పింది. ఇంటర్‌కూలర్ బంపరు వెనకుంటే పట్టా బానెట్ మీద కప్పింది. జ్వరం వచ్చినవాడి చెప్పులకు తడిగుడ్డ వేసినట్టు.

ఆ వారమే నంద్యాలలో పెళ్లి. దిగువమెట్ట దాటి నల్లమల ఘాటెక్కాం. ముందు సిమెంటు లారీ, వెనక మేము. వేగం లేకపోతే ఎదురుగాలి లేదు, ఎదురుగాలి లేకపోతే ఇంటర్‌కూలర్ అలంకారం. 88. 91. మలుపులు ఫోనుకు కనపడవు, నాకూ కనపడలేదు. మా ఆవిడ ఫోను లాగేసుకుని హ్యాండుబ్యాగులో వేసి జిప్పు పెట్టింది. నంద్యాల దాకా ఆ బ్యాగు వైపు దొంగచూపులు చూస్తూనే ఉన్నాను.

తిరిగొచ్చాక గిద్దలూరులో ఒక మెకానిక్ దగ్గర ఆపాను. అతను ఫోను అడగలేదు. బండి ముందు గొంతుక్కూర్చుని కాసేపు చూశాడు. నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి శనివారం మాత్రమే తెరుస్తారు కాబట్టి, అంతకుముందు ఒక శనివారం పనిగట్టుకుని పోయి బండికి పూజ చేయించాం. అప్పటి బంతిపూల దండ ఎండి జాలీకి అతుక్కుని ఉంది. దానిపక్కన దిష్టికి నిమ్మకాయలు, మిరపకాయలు. కింద నల్లతాడు. వాటి వెనక అవ్వ దిష్టి తీసి దోపిన ఎర్రగుడ్డ.

"ముక్కులో ఇన్ని దూదులు పెడితే మనిషైతే ఏమైతాడు సార్?" అన్నాడు.

బంపరు ఊడదీశాడు. ఇంటర్‌కూలర్ రేకుల్లో గుప్పిళ్ల కొద్దీ పొట్టు. చలికాలంలో రోడ్డు మీద ఆరబోసిన ఉలవకట్టె మీదుగా బళ్లు పోతే నూర్పిడవుతుందని రైతులు చేతులూపి మరీ పిలిచేవాళ్లు. నేను పుణ్యానికి రెండుసార్లు తిప్పి తొక్కించేవాణ్ని.

"ఎకరాకు ఎన్ని బస్తాలైనాయి సార్?" అన్నాడు మెకానిక్, దులుపుతూ.

పాత ఫిల్టరు డబ్బా తిరిగి బిగించాడు. ఇంటికొచ్చేటప్పుడు బయట 41, ఫోనులో 54. బండి మళ్లీ ఎగిరి దూకింది. అవ్వకు దండ సంగతి చెప్పలేదు. "ఎండన పడి పోబాకరా, తెల్లారుజామున పో. పొయ్యొచ్చినాక వేపచెట్టు కింద పెట్టు," అని మాత్రం అంది. ఇంజనీరును అడిగినా ఇంతకు మించి చెప్పడు.

మర్నాడు అయిదింటికే లేచాను. తాళం సగం తిప్పి ఫోను చూశాను. 27! ఆ అంకె అంత చల్లగా ఎన్నడూ లేదు. ఆనందంతో తాళం పూర్తిగా తిప్పాను. టక్ అంది. ఇంకోసారి తిప్పాను. టక్. బామ్మర్ది డబ్బీని పెళ్లి అలసటలో పీకడం మరిచిపోయాను. అది రాత్రంతా బ్యాటరీ తాగింది.

అవ్వ కళ్లాపి బకెట్టు కింద పెట్టి వచ్చింది. నాడి చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనించింది.

"చలవ ఎక్కువైందిరా," అంది.