మా ఇంటి ఎలక

మా ఇంట్లో ఎలకల్లేవు. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను. చివరిదాకా వచ్చాక రాద్దామంటే ధైర్యం చాలకపోవచ్చు.

నేను విజయవాడ గవర్నరుపేటలో 1998 నుంచి 2012 దాకా డీటీపీ సెంటరు నడిపినవాణ్ణి. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు, ఎన్నికలొస్తే రాత్రింబవళ్ళు పోస్టర్లు. ఆ రోజుల్లో కంప్యూటరుని ఇటు తిప్పకుండానే, వెనక్కి చెయ్యి పోనిచ్చి వేలితో తడిమి ఏ తీగ ఎందులో పెట్టాలో చెప్పేవాణ్ణి. ప్రింటరుది 25 కాళ్ళది, మానిటరుది 15, మోడెముది 9. కీబోర్డుది ఊదారంగు గుండ్రటిది, మౌసుది ఆకుపచ్చది. తెలుగు అక్షరం కనపడాలంటే ప్రింటరు పోర్టుకి అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తగిలించాలి. దాన్ని లాక్ అనేవాళ్ళం. వీధిలో ఎవరి కంప్యూటరు మొరాయించినా కబురు నాకే వచ్చేది. నేను వెళ్ళి, రెండు నిమిషాలు మౌనంగా చూసి, ఊడిన తీగ పెట్టేసి వచ్చేవాణ్ణి. ఆ రెండు నిమిషాల మౌనమే నన్ను పాడుచేసింది. తెలిసినవాడిలా కనపడటం అలవాటైపోయింది.

పోయిన నెల మా అమ్మాయీ అల్లుడుగారూ హైదరాబాదు నుంచి కొత్త లాప్‌టాప్ పంపించారు. చేతిలో పెట్టుకుంటే పలక పట్టుకున్నట్టుంది. నమ్మకం కుదరక ఎదురుగా ఉన్న కిరాణాకొట్టు కాటా మీద పెట్టి తూయించాను. కిలో తొంభై గ్రాములు. కొట్టాయన అటూ ఇటూ తిప్పి చూసి, "కిలో ఎంతేంటండీ?" అన్నాడు.

ఇంటికొచ్చి పక్కలు చూస్తే ఏమీ లేదు. ఎడమవైపు రెండు సన్నటి కోలరంధ్రాలు, అంతే. ఒకటి ఛార్జింగుకి పోతే మిగిలింది ఒక్కటి. అదేదో కొత్త సీ టైపట. 2014లో వచ్చిందట, అంటే నేను కొట్టు మూసిన రెండేళ్ళకి. ఆ చిన్న నోట్లో 24 కాళ్ళున్నాయని చదివి నవ్వుకున్నాను. 25 కాళ్ళవాణ్ణి మచ్చిక చేసినవాడికి వీడొక లెక్కా!

సరిగ్గా అప్పుడే మా చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, నా పెళ్ళికి నువ్వు వేసిన శుభలేఖ ఉంది చూడు, మా అమ్మాయి పెళ్ళికీ అదే వెయ్యి" అంది. చెల్లెలి పెళ్ళి 1999లో. ఆ ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది. 2009లో కొన్న 320 జీబీ హార్డ్ డిస్కులో నా పద్నాలుగేళ్ళ కొట్టంతా ఉంది మరి. మేనకోడలి పెళ్ళికి మేనమామ ఆ మాత్రం చెయ్యలేడా?

బీసెంట్ రోడ్డుకి వెళ్ళి 450 రూపాయలు పెట్టి ఒక హబ్బు తెచ్చాను. ఒక తోకా నాలుగు నోళ్ళూ ఉన్నది. ఆ కొట్టు కుర్రాడు, "ఏం తగిలిస్తారు సార్, అడాప్టరున్నది ఇమ్మంటారా?" అని అడగనే అడిగాడు. నాకే పాఠం చెబుతున్నాడే అనిపించి, "చూసిందే ఇవ్వు బాబూ" అన్నాను. ఇంటికొచ్చి నాలుగు నోళ్ళూ నింపాను. మౌసు, కీబోర్డు, కార్డు రీడరు, నాలుగోది డిస్కు.

మౌసు కదిలింది. కీబోర్డు పలికింది. డిస్కు మాత్రం టిక్... టిక్... టిక్... అని, ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. మళ్ళీ తీసి పెట్టాను. మళ్ళీ టిక్ టిక్. పన్నెండుసార్లు పెట్టి ఉంటాను. డిస్కు అలా కొట్టుకుంటే ప్రాణం పోతున్నట్టేనని నేను ఎంతమంది కస్టమర్లకి చెప్పలేదూ! ఆ మాటే ఇప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుని, మా అమ్మాయికి ఫోను చేసి, "మీ ఆయన కొన్న లాప్‌టాప్ నా డిస్కుని తినేసిందమ్మా" అన్నాను. అది అనడం దేనికో ఇప్పటికీ తెలీదు. అల్లుడుగారు పాపం సాయంత్రం తనే ఫోను చేసి, తప్పు తనదే అయినట్టు, డేటా బయటికి తీసేవాళ్ళ నంబరిచ్చారు. వాళ్ళు విప్పి చూడ్డానికే పదిహేను వేలన్నారు.

పదిహేను వేలు విన్నాక నాలో పాత మేధావి నిద్రలేచాడు. ఎప్పుడో ఎవరో చెప్పారు, ఇరుక్కుపోయిన డిస్కుని చలిలో పెడితే లోపల లోహం కుంచించుకుని పట్టు వదులుతుందని. జిప్పు కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టాను.

పొద్దున్నే వంటింట్లోంచి కేక. "ఏవండీ, కొబ్బరి కోరు పక్కన ఈ నల్లదేంటండీ?"

"ముట్టుకోకు. ట్రీట్‌మెంట్‌లో ఉంది."

తీసి చూస్తే చల్లటి సోడాసీసాలా చెమటలు కక్కుతోంది. అప్పుడు భయమేసింది. డిస్కు అసలు గాలి చొరబడని డబ్బా కాదు. లోపలి గాలి ఒత్తిడి సరిచూసుకోడానికి సన్నటి చిల్లు ఉంటుంది. లోపల పళ్ళేనికీ దాన్ని చదివే తలకీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లు. అక్కడ చెమ్మ పడితే ఇంకేముంది! ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే పెట్టాను. తడిసిన ఫోన్ని బియ్యంలో పెడతారు కదా అని రెండో వైద్యం మొదలెట్టాను. రెండు రోజులు సోనామసూరి బస్తాలో.

అదీ అయ్యాక గతిలేక మా కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. మా కుర్రాడంటే నా కొట్లో ఆరేళ్ళు పనిచేసినవాడు. వాడికి మౌసు పట్టుకోవడం నేర్పింది నేను. ఇప్పుడు ఏలూరు రోడ్డులో డిజిటల్ ప్రింటింగ్ పెట్టుకున్నాడు, కింద నలుగురు పనివాళ్ళు. వాళ్ళ ముందే లేచి నిలబడి, "రండి గురువుగారూ" అన్నాడు. ఆ పిలుపు వినగానే నా నడుం నిటారైంది. అదే తప్పు.

వాడు డిస్కు చేతిలోకి తీసుకుని, కేబులు పీకి, ఆ పోర్టులోకి టార్చి వేసి చూశాడు. బల్లకేసి చిన్నగా తట్టాడు. ఒక బియ్యపుగింజ రాలింది.

నలుగురు కుర్రాళ్ళూ దాన్నే చూస్తున్నారు. నా నోరు నన్నడక్కుండా, "మా ఇంట్లో ఎలకలెక్కువరా" అంది.

తర్వాత కేబులు చూశాడు. "గురువుగారూ, దీని రెండో తల ఏది?"

ఆ డిస్కు కొన్నప్పుడు కేబులుకి రెండు తలలుండేవి. డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో ఒక ఆంపియరు దాకా లాగుతుంది. అప్పటి యూఎస్‌బీ పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు. చాలని కరెంటు పక్క పోర్టులోంచి తెచ్చుకోడానికే ఆ రెండో తల. నేను దాన్ని స్పేరు అనుకున్నాను. ఒకటి పాడైతే రెండోది వాడుకోవడానికి ఇచ్చారనుకుని, కంపెనీవాళ్ళ ముందుచూపుని కస్టమర్ల దగ్గర మెచ్చుకున్నాను కూడా. 2011లో అది వేలాడుతూ చేతికి అడ్డమొస్తోందని కత్తెర తీసుకుని కత్తిరించేశాను. నా పాత డెస్క్‌టాప్ లెక్క చూసుకోకుండా కరెంటు ఇచ్చే ఉదారస్వభావం గలది కాబట్టి ఇన్నేళ్ళూ ఒంటితలతోనే బండి నడిచిపోయింది. ఈ 450 రూపాయల హబ్బు, తనకొచ్చిన పిడికెడు కరెంటునే నలుగురికి వడ్డించేసరికి నా తప్పు బయటపడింది.

ఇదంతా వాడికి చెప్పొచ్చు. నవ్వుకునేవాళ్ళం. నేనేమన్నానంటే, "చెప్పానుగా, ఎలక."

వాడు తెగినచోట వేలితో నిమిరాడు. బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంది. "మీ ఇంటి ఎలకకి కటింగ్ బాగా వచ్చు గురువుగారూ" అని మాత్రం అని, నా హబ్బు పక్కన పెట్టేశాడు. సొరుగులోంచి గోరంత కన్వర్టరు తీసి, డిస్కుని నేరుగా లాప్‌టాప్‌కే పెట్టాడు. ఇప్పటి పోర్టులు చాలావరకు 900కి తక్కువ ఇవ్వవట. టిక్ లేదు, నిట్టూర్పు లేదు. డిస్కు పాత మిక్సీలా గుర్రుమని తిరిగింది. ఫ్రీజరూ బియ్యపు బస్తా రెండూ తట్టుకుని బతికిందంటే దాని ఆయుష్షు గట్టిది, నా వైద్యం గొప్పతనం కాదు.

శుభలేఖ ఫైలు మాత్రం కొత్త లాప్‌టాప్‌లో తెరుచుకోలేదు. అది పేజ్‌మేకర్ కాలం నాటిది. అందులోని మేటరు ఎలాగో బయటికి లాగి పెడితే వినాయకుడి శ్లోకం కాస్తా చుక్కలూ గీతలూ ఇంగ్లీషక్షరాలూ అయిపోయింది. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు మరి. మా కుర్రాడు లోపలి గదిలో ఎక్స్‌పీ కంప్యూటరొకటి ఇంకా బతికించుకుంటున్నాడు. వెనకాల లాక్ తగిలించి ఉంది. నా కొట్టు మూసినప్పుడు వాడికిచ్చిందే. అందులో తెరిచాడు. మా చెల్లెలి పేరు తీసి మేనకోడలి పేరు పెట్టాం. మా నాన్నగారి పేరున్న చోట మా బావగారి పేరు పెట్టాం.

మర్నాడు ప్రూఫ్ తీసుకుని వాడే ఇంటికొచ్చాడు. కాఫీ తాగుతూ మా ఆవిడతో, "అమ్మా, ఇంట్లో ఎలకలు బాగా ఉన్నాయంట కదా" అన్నాడు. వాడి మొహంలో నవ్వు లేదు. ఉందేమోనని చాలాసేపు వెతికాను.

సాయంత్రానికల్లా వన్‌టౌన్ నుంచి బోనొచ్చింది. మా ఆవిడ దాన్ని లాప్‌టాప్ బల్ల కిందే పెట్టింది, లోపల ఉల్లిపాయ పకోడీ తగిలించి. మొదటిరోజు ఎలక పడలేదు. రెండో రోజూ పడలేదు. మూడో రోజు పకోడీ మారుస్తూ, "అసలు ఎలకుందంటారా?" అని నావైపు అదోలా చూసింది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక లేచి, బోను పట్టెయ్యకుండా జాగ్రత్తగా వేళ్ళు పోనిచ్చి, ఆ పకోడీ తీసి తినేశాను. పొద్దున్నే చూసి, "ఉందండోయ్!" అంది మా ఆవిడ.

ఇవాళ రెండో బోను తెచ్చింది.