మాంతొవా బావ

మా అక్క వాళ్ళాయన వంట చేస్తే దాన్ని వంట అనకూడదు, శంకుస్థాపన అనాలి. వారం ముందు ప్రకటన వెలువడుతుంది. తర్వాత సామగ్రి దిగుతుంది. ముహూర్తం నాటికి ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ తలో పదవీ దక్కుతుంది. అక్కకి కూరలు తరిగే పని, పిల్లలకి చప్పట్లు కొట్టే పని, చుట్టపుచూపుగా వెళ్ళిన నాకు ఫొటోలు తీసే పని.

ఈ జాతి బావలు న్యూజెర్సీలోనే కాదు, ఇప్పుడు కూకట్‌పల్లిలోనూ దొరుకుతున్నారు. గుర్తుపట్టడం తేలిక. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు, లీటరు నీళ్ళకి 10 గ్రాముల ఉప్పు పడాలని మాత్రం తెలుసు. 2020 లాక్‌డౌన్లో మా బావ పులిసిన రొట్టె పిండికి పేరు పెట్టి మరీ సాకాడు. ఆ తర్వాత పెరట్లోకి బార్బెక్యూ పొయ్యి వచ్చింది. ఇప్పుడు దాని మీద తులసి కుండీ ఉంది. కిందటి వేసవిలో ఎనిమిది రోజులు ఇటలీ వెళ్ళొచ్చారు. అప్పట్నుంచి పాస్తా.

అందులోనూ ఒక ఊరి పాస్తా. ఆ ఊరిని మాంతువా అనకూడదట, మాంతొవా అనాలట. చుట్టూ మూడు సరస్సులు, గొంజాగా ప్రభువులు ఏలిన చోటు, మహాకవి వర్జిల్ పుట్టింది ఆ పక్కనే. బావ అక్కడ గడిపింది మాత్రం రెండు రైళ్ళ మధ్య నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో తిన్నది ఒక ప్లేటు తోర్తెల్లి ది జుక్కా. పల్చటి పిండి రేకులో గుమ్మడికాయ గుజ్జు పెట్టి మడిచి, ఉడికించి, సేజ్ ఆకులు వేసి కరిగించిన వెన్న పైన పోసి ఇస్తారు. గుమ్మడికాయలు చేతికొచ్చే ఆకురాలు కాలంలో మొదలుపెట్టి చలికాలమంతా తింటారు. క్రిస్మస్ ముందు రాత్రి అక్కడ అది లేకపోతే పండగ కాదు.

"వాడికి గుమ్మడికాయ ఎప్పట్నుంచి పట్టిందే?" అని అత్తయ్యగారు అక్కని చెవిలో అడిగారు. బావ వాళ్ళమ్మగారు ఆర్నెల్ల కోసం కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. "చిన్నప్పుడు పులుసులో ముక్క కనిపిస్తే కంచం వదిలి లేచిపోయేవాడు."

అప్పుడు దానికి పాస్‌పోర్టు లేదు మరి.

శనివారం పొద్దున పదకొండింటికి కార్యక్రమం మొదలైంది. వీధిలో ప్రతి గుమ్మం ముందూ హాలోవీన్‌కి కళ్ళూ ముక్కూ చెక్కిన గుమ్మడికాయలు ఇంకా పడి ఉన్నాయి. అవి మొహాలకే గానీ వంటకి పనికిరావు, ఒట్టి నీళ్ళు. బావ బటర్‌నట్ రకం తెచ్చాడు. చూడ్డానికి పొట్టి సొరకాయలా ఉన్నా మన తీపి గుమ్మడీ అదీ ఒకే జాతి. కోసి, ఓవెన్లో గంటసేపు కాల్చి, తడి ఆరేదాకా ఉంచాలి. ఇంతవరకూ బావ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. గుజ్జు పలచనైతే పిండి రేకు నానిపోతుంది.

తర్వాత పిండి. నూరు గ్రాముల మైదాకి ఒక గుడ్డు, అదీ ఇటలీ లెక్క. గిన్నెలో కలపకూడదట. గ్రానైట్ గట్టు మీద 400 గ్రాములు గుట్టపోసి, నడుమ గుంట చేసి, నాలుగు గుడ్లు కొట్టి పోశాడు. ఫోర్కుతో తిప్పుతూ నావైపు చూసి, "ఫొటో తియ్యవోయ్" అన్నాడు. నేను తీసేలోపు చెరువుకి గండి పడింది. పచ్చసొన గట్టు మీంచి సొరుగులోకి, సొరుగులోంచి అక్క పోపులపెట్టెలోకి పారింది.

"కార్తీకమాసంరా" అన్నారు అత్తయ్యగారు, కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకుని.

బావకి అప్పుడు గుర్తొచ్చింది. కానీ తగ్గే రకమా? "ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, నీకోసమే ఈ వంటకం ఎంచుకున్నానమ్మా. లోపలి కూరు నువ్వు నిక్షేపంగా తినొచ్చు" అని, ఆ ఊపులో పార్మిజానో ముక్క తీసి ఉపన్యాసం అందుకున్నాడు. తక్కువలో తక్కువ 12 నెలలు మాగబెడతారు, ఫలానా జిల్లాల్లో చేస్తే తప్ప ఆ పేరు పెట్టనివ్వరు, పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన...

అక్కడ ఆగాడు. ఆలస్యమైంది.

అత్తయ్యగారు ఏమీ అనలేదు. కుర్చీ ఇంకో అడుగు వెనక్కి జరిపారు. తెలియనివాడు నోరు జారడం చూశాం. విషయం బాగా తెలిసి జారడం ఈ బావలకే చెల్లు.

మాట మార్చడానికి బొలోనా ఊరి కథ ఎత్తుకున్నాడు. అక్కడివాళ్ళు తోర్తెల్లీనీలో ఏమేం కూరాలో 1974 డిసెంబరు 7న వర్తక మండలిలో రిజిస్టరు చేయించారు. అంతకు రెండేళ్ళ ముందే తాళ్యతెల్లె వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లు ఉండాలని తేల్చి, బంగారంతో ఒక నమూనా చేయించి పెట్టుకున్నారు.

"మరి మా పులుసుని ఎక్కడ రిజిస్టరు చేయించాలిరా?" అన్నారు అత్తయ్యగారు.

ఇంతలో మొస్తార్దా సీసా బయటికొచ్చింది. పళ్ళముక్కల్ని పంచదార పాకంలో ఊరేసి ఆవఘాటు తగిలించే మాంతొవా వాళ్ళ సరుకు. గుమ్మడి గుజ్జులో అది పడితేనే తీపికి ఎదురు దెబ్బ. అమరెత్తి అని చేదుబాదం వాసన బిస్కెట్ల పొడి ఒకటి, జాజికాయ కోరు ఒకటి. అత్తయ్యగారు సీసా మూత తీసి వాసన చూశారు. కళ్ళు చెమర్చాయి, ఘాటుకే. "ఇదేమిట్రా, గుమ్మడికాయకి ఆవ పెడుతున్నావు. ఇది మన కూరేగా?"

"ఆవ పెట్టడం కాదమ్మా, మొస్తార్దా."

"అదే."

ఆవిడ లేచి చేతులు కడుక్కున్నారు. గుజ్జు వేరే గిన్నెలోకి తీసుకున్నారు. నూరిన ఆవపిండి, చిన్న బెల్లం ముక్క, ఉప్పు, ఎండుమిరపకాయ పోపు. గుడ్డు లేకుండా రవ్వా మైదా కలిపి, బొబ్బట్లకి కలిపినట్టు మెత్తగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట నాననిచ్చారు. (ఇటలీ దక్షిణాన రవ్వా నీళ్ళతోనే పాస్తా కలుపుతారని బావ అన్నాడు. అంటే అనుమతి ఇచ్చాడన్నమాట.) అప్పడాల కర్రతో వత్తి, సూట్‌కేసు అడుగునుంచి తెచ్చిన కజ్జికాయల చెక్కలో పెట్టి నొక్కడం మొదలుపెట్టారు. నొక్కేముందు ప్రతిదాన్నీ వేలితో ఒక్కసారి అదిమేవారు. లోపల గాలి ఉంటే నూనెలో కజ్జికాయ విచ్చుకున్నట్టే నీళ్ళలో ఇదీ విచ్చుకుంటుంది.

ఈ రహస్యం బావ పుస్తకంలోనూ ఉంది. కానీ ఆయన అప్పటికి పిండి రేకులు తీసే యంత్రంతో యుద్ధంలో ఉన్నాడు. దాని బిగింపు గట్టుకి పట్టక నన్ను పట్టుకోమన్నాడు. ఆయన తిప్పుతుంటే నేనూ యంత్రమూ కలిసి ఊగాం. రేకు మూడు గజాలు వచ్చింది. ఆరబెట్టడానికి చోటు లేక కుర్చీల వీపుల మీద వేశాం.

"ఓవెన్ ఆపకుండా వదిలేసిందెవరు?" అంది అక్క లోపలికొస్తూ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెతగా వినడమే తప్ప నేనెప్పుడూ చూడలేదు. బావ నిజంగా తడుముకున్నాడు. పిండి రాలింది.

సాయంత్రం ఐదున్నరకి బావవి 36 మరుగుతున్న నీళ్ళలో దిగాయి. తేలినవి 21. తక్కినవి నీళ్ళతో ఏకమై సూపయ్యాయి. దానికీ ఇటలీలో ఏదో పేరుండే ఉంటుందని ఫోన్లో వెతికాడు. అత్తయ్యగారివి 20 దిగి 20 తేలాయి. సేజ్ ఆకు వేసిన వెన్న చూసి ఆవిడ, "వామాకులా ఉందే, బజ్జీలు వేస్తే బావుండేది" అన్నారు. అయినా పోయించుకున్నారు. తనకి నాలుగు పక్కకి తీసుకున్నాక మిగతావి అక్క బావవాటితో కలిపి ఒకే పళ్ళెంలో సర్దేసింది. తక్కువొస్తాయని సర్దిందో, ఇంకెందుకు సర్దిందో నేనడగలేదు.

బావ ఫోర్కుతో ఒకటి సగానికి కోసి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇదీ. అచ్చం మాంతొవాలో తిన్నదే. ఆ చివర్లో ముక్కుకెక్కే ఘాటు ఉంది చూశారూ, అది మొస్తార్దా. ఇంకేదీ దానికి సాటి రాదు."

ప్లేటులో మిగిలిన సగం నాకు ఎదురుగా ఉంది. దాని అంచున కజ్జికాయల చెక్క పళ్ళు వరసగా, ముద్ర వేసినట్టు కనిపిస్తున్నాయి. అక్క చూసింది. పిల్లలు చూశారు. ఎవరూ మాట్లాడలేదు. బావ వెతికి వెతికి అలాంటి అంచున్నవే ఇంకో ఆరు తీసుకున్నాడు.

రాత్రి అక్క గిన్నెలు తోముతుంటే, అత్తయ్యగారు గదిలో కాకినాడకి ఫోన్ చేశారు. అక్కడ తెల్లవారి ఉంటుంది. గొంతు తగ్గించారు గానీ గోడకి ఇవతల నాకు వినిపిస్తూనే ఉంది.

"ఒసే చెల్లీ, వాడు గుమ్మడికాయ తిన్నాడే. మారు కూడా వడ్డించుకున్నాడు."