బ్యాటు దిగింది, బంతి రాలేదు

ఫిలింనగర్‌కి బేస్‌బాల్ ఎప్పుడో వచ్చింది. కాకపోతే సగమే వచ్చింది. బ్యాటు దిగింది గానీ బంతి ఓడరేవులోనే ఉండిపోయింది. విలన్ మనుషులు సుమోల్లోంచి దూకేటప్పుడు చేతిలో పట్టుకునేది ఆ బ్యాటే. దాంతో బంతిని కూడా కొట్టొచ్చని అమెరికా షెడ్యూలుకి వెళ్తే గానీ మనవాళ్ళకి తెలిసినట్టు లేదు.

బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్ అని ఒక స్టేడియం ఉంది. 1912 నాటిది. ఇంకా కూలగొట్టలేదు, గజం రేటు తెలియని అమాయకులు! అందులో ఒక గ్యాలరీ నిండా ఆకుపచ్చ కుర్చీలు, వాటి మధ్య ఒకే ఒక్క ఎర్ర కుర్చీ. అది మేయర్‌ది కాదు, నిర్మాతగారి బావమరిదిదీ కాదు. 1946లో టెడ్ విలియమ్స్ కొట్టిన బంతి 502 అడుగులు ఎగిరొచ్చి, గడ్డి టోపీ పెట్టుకుని అక్కడ కూర్చున్న ఓ మామూలు ప్రేక్షకుడి నెత్తిన పడింది. టోపీకి చిల్లు. దానికి గుర్తే ఆ ఎర్ర రంగు. టికెట్ కొన్నవాడి తలకాయకి అంత మర్యాద! పైగా అక్కడ గ్యాలరీలోకి వచ్చిపడిన బంతి దొరికినవాడిదే, ఇంటికి పట్టుకుపోవచ్చు.

మన ఉప్పల్‌లో బంతి వెనక్కివ్వాలి. అంతకుముందే గేటు దగ్గర పెన్నూ, చిల్లరా, హెల్మెట్టూ, నీళ్ళ సీసా అప్పగించాలి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా 'స్టేడియం' అనే పేరున్న స్టేషన్లోనే దిగొచ్చు. అయితే రోడ్ నంబర్ 36 వాసికి ఆ స్టేషన్‌తో పనేముంది? ఆయనకి కారు అద్దం మీద స్టిక్కరుంది. ఆ కొండల మీద టికెట్ కొని మ్యాచ్ చూశానంటే ఇంట్లో ఏదో ఇబ్బందనుకుంటారు. టికెట్ కొనేవాళ్ళ గతి 2022 సెప్టెంబరులో జింఖానా గ్రౌండ్ చూసింది. ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం క్యూ కట్టినవాళ్ళు తొక్కిసలాటలో నలిగి ఆస్పత్రికి చేరారు. ఏ కుర్చీకీ ఎవరూ రంగు వెయ్యలేదు.

కొండ దిగగానే తగిలే మైదానం యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్. అక్కడ మనవాళ్ళాడే ఆట పేరు ప్రీ రిలీజ్ ఈవెంట్. 'పుష్ప', 'భీమ్లా నాయక్', 'సర్కారు వారి పాట' అక్కడే ఆడాయి. 'సరిలేరు నీకెవ్వరు' అయితే 2020లో ఏకంగా ఎల్బీ స్టేడియానికే వెళ్ళింది. ఈ ఆటలో బౌలర్ ఉండడు. మైకందుకున్న ప్రతివాడూ హీరో తరఫునే బ్యాటింగ్, ఔటన్న మాటే లేదు. ఫీల్డింగ్ మొత్తం బౌన్సర్లది. అభిమాని ఎవడైనా బారికేడ్ దాటి లోపలికొస్తే గాల్లోనే క్యాచ్ పట్టి అవతలికి విసురుతారు. బేస్‌బాల్‌లో ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనమంతా లేచి కాసేపు ఒళ్ళు విరుచుకుంటారు. ఇక్కడ ఆ శ్రమ లేదు. ముందువాడు కూర్చుంటేగా మనం కూర్చోడానికి! స్కోరు మాత్రం ఆట మొదలవకముందే తెలిసిపోతుంది: బ్లాక్‌బస్టర్.

మొన్న కృష్ణానగర్ టీకొట్టు దగ్గర ఓ ఫైటర్ కుర్రాడు, షూటింగ్ నుంచి అటే వచ్చినట్టున్నాడు, చంకలో రబ్బరు బ్యాటుతో నిలబడ్డాడు.

"అన్నా, దీంతో ఆట కూడా ఆడతారంట, నిజమేనా?"

"నిజమే తమ్ముడూ. అమెరికాలో ఆడతారు."

కుర్రాడు బ్యాటుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి కొట్టేదెవర్ని?"