అగ్గిపెట్టె పరీక్ష

ఈసారి సంక్రాంతి ప్లాస్టిక్ లేకుండా చేసుకోవాలని మా బిల్డింగ్‌లో తీర్మానమైంది. చేతులెత్తిన వాళ్లలో ముప్పాతిక మందికి పాలిస్టరే అన్నం పెడుతోంది. సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చి సూరత్‌లోని ఉధ్నాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుకునే వాళ్లం మేం. ఒంటి మీద పాలిస్టర్, కిటికీకి పాలిస్టర్, దేవుడి పీట మీద పరిచిన జరీ గుడ్డా పాలిస్టరే. ఇంత పెట్రోలియం మధ్య కూర్చుని ప్రకృతి పండగ అనాలంటే గుండె ధైర్యం కావాలి.

మొదటి చిక్కు భోగి మంట. మా ఇళ్లలో భోగి అంటే ముగ్గులు, సకినాలే తప్ప మంటల హడావుడి లేదు. కానీ వదిన టీవీలో చూసింది. చూశాక ఇక ఆగదు. పాత చీరల మూట డాబా మీదికి మోసుకొచ్చింది. పెద్దమామ అడ్డం పడ్డాడు.

"అది కాలది బిడ్డా, కారుతది."

నిజమే. ఆ చీరకు నిప్పంటిస్తే ముడుచుకుపోయి, నల్లటి పొగ కక్కి, బొట్లుబొట్లుగా కారి స్లాబుకు అంటుకుంటుంది. సెక్రటరీ భాయ్‌కి పొగ కంటే వాటర్‌ప్రూఫింగ్ మీదే బెంగ. చివరికి సిమెంటు మోసే ఇనుప తట్టలో నాలుగు పిడకలు వెలిగించి, బిల్డింగంతా చుట్టూ నిలబడి చలి కాచుకుంది. సూరత్ చలి సంగతి తెలిసిందే కదా, స్వెటర్ వేసుకుంటే చెమట, వేసుకోకపోతే పండగ కళ లేదంటారు. చీరల మూట మర్నాడు గిన్నెలామెకు పోయింది. బదులుగా ఒక స్టీలు గిన్నె వచ్చింది, అదీ అరగంట బేరం తర్వాత. పర్యావరణం మీద ఉపన్యాసాలు పుట్టకముందే ఆమె గంప పుట్టింది.

అసలు యుద్ధం ఉత్తరాయణ్, అంటే ఇక్కడి సంక్రాంతి పొద్దున, పతంగుల దగ్గర. ఈ ఊళ్లో పండగకు ముందే రోడ్డు పక్కన దారాలు బారుగా కట్టి రంగూ గాజుపొడీ పట్టిస్తారు. సూరత్ మాంజా అంటే గుజరాత్‌లో తెలియనివాడు లేడు. అది బాహాటంగా దొరికే సరుకు. చాటుగా దొరికేది చైనా మాంజా, అంటే నైలాన్. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని దేశమంతటా నిషేధించింది. ఓ పట్టాన తెగదు, కుళ్లదు. కొంగ రెక్కనూ బైకు మీద పోయేవాడి గొంతునూ ఒకే తీరుగా కోస్తుంది. అందుకే జనవరి వస్తే చాలు, బళ్ల హ్యాండిళ్లకు ఇనుప తీగల కమానులు మొలుస్తాయి. 2024 జనవరి 11న సూరత్‌కు ఇండోర్‌తో కలిపి దేశంలోకెల్లా శుభ్రమైన నగరమని బహుమతి ఇచ్చారు. మూడు రోజులు తిరక్కుండా కరెంటు తీగల మీద దారాల గూళ్లు!

"కాటన్‌దే తాతా, ఒట్టు" అన్నారు పిల్లలు.

పెద్దమామ ఒట్లు నమ్మడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. మాంజా చుట్టిన చరఖాల్లో మొదటిదాని దారం చివర అంటిస్తే భగ్గుమంది, కాగితం కాలిన వాసన కొట్టింది, ముట్టుకుంటే బూడిద రాలింది. "నూలు. పో." రెండోది మండనే లేదు. వెనక్కి ముడుచుకుపోయి చివర గట్టి గుండు కట్టింది. దాన్ని వేళ్ల మధ్య దొర్లించి, "నైలాన్" అన్నాడు. జీవితమంతా దారంతో గడిపినవాడి దగ్గర దుకాణదారు చెప్పిన కబుర్లు సాగుతాయా! చరఖా జప్తు. కొనిచ్చిన తండ్రికి సరిగ్గా అప్పుడే నీళ్ల ట్యాంకు మూత సరిచూడాల్సిన పని గుర్తొచ్చింది.

నూలు దారమైనా గాజుపూతకు పిట్టల మీద జాలి ఉండదు కనుక ఇంకో షరతు పెట్టాడు. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక పతంగి ఎగరకూడదు, అవి పిట్టలు తిరిగే వేళలు. ఏటా జనవరిలో గాయపడ్డ పక్షుల కోసం గుజరాత్ ప్రభుత్వం నడిపే కరుణా అభియాన్ వాళ్లూ ఈ మాటే చెబుతారు. వాళ్ల మాట పిల్లలు వినరు. మామ మాట వింటారు, చరఖాలు జప్తు చేసేది ఆయనే కదా.

తొమ్మిది దాకా చేతులు ఖాళీ. సకినాలు, పక్కింటి భాభీ పంపిన ఉంధియు, పచ్చి జొన్నల పోంక్ అన్నీ స్టీలు పళ్లేల్లోనే ఖాళీ చేశాం. కడిగే వంతు ఎవరిదో తీర్మానంలో రాసుకోలేదు, ఆ గొడవ ఇప్పటికీ నడుస్తోంది.

జప్తు అయిన చరఖా పిల్లాడు మాత్రం పగ మరవలేదు. "తాతా, నీ అంగీ కూడా జర కాల్చి చూద్దామా?" అన్నాడు.

"ఇది మా సాంచాల ఖాతాల నేసిన గుడ్డరా. నేను దీన్ని ఆకాశంల ఎగరేస్తలేను గద!" అన్నాడు మామ.

అంటూనే అగ్గిపెట్టెను అంగీ జేబులోంచి తీసి లుంగీ మడతలో దోపుకున్నాడు. లుంగీ నూలుది.