తామరకు శాలువా

మన ఊళ్ళో సన్మానం జరగని మనిషి లేడు. రిటైరైతే సన్మానం, కొడుకు అమెరికా వెళ్తే సన్మానం, కార్పొరేటర్ పుట్టినరోజుకు కార్పొరేటర్‌తో పాటు ఆయన బావమరిదికీ సన్మానం. అలాంటిది, దేశం పేరును తన పేరులో పెట్టుకుని ఖండాలు తిరిగొస్తున్న ఒక జీవికి ఇంతవరకూ ఎవరూ పూలదండ కూడా వేయలేదు. దాని అసలు పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. మనం ఇంట్లో పిలుచుకునే పేరు తామర.

నామకరణం కూడా మనం చేయలేదు. 2020లో జపాన్ పరిశోధకులు చేశారు, అక్కడ ఉంటున్న నేపాలీ, భారతీయ రోగుల చర్మం నుంచి తీసిన నమూనాలు చూసి. తామరకు తిరుగులేని మందుగా పేరున్న టెర్బినాఫిన్‌ను ఇది లెక్కచేయదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరి ఒంటి మీద తేలింది. అందులో ఒకామె ఆమధ్య విదేశాలకు వెళ్ళనే లేదట. మనవాళ్ళు వీసా స్లాటు కోసం రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుంటుంటే ఇది ఏ స్టాంపూ లేకుండా దిగిపోయింది.

ఇంతటి ప్రతిభ ఊరికే రాదు, పెంచినవాళ్ళుంటారు. వేదిక మీద మొదటి కుర్చీ మందుల షాపు వాడిది. సాయంత్రం ఏడింటికి కౌంటరు దగ్గర నిలబడి చూడండి. ఒక కుర్రాడు పక్కన ఆడవాళ్ళు వెళ్ళేదాకా దగ్గు మాత్రల పెట్టెలు చదువుతాడు. తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, దురద" అంటాడు. ఎక్కడ అని అన్న అడగడు. అడిగినా వాడు చూపించడు. మాట పూర్తయ్యేలోపే ట్యూబు కౌంటరు మీద ఉంటుంది. "పొద్దునొకసారి, రాత్రొకసారి. రెండ్రోజుల్లో మాయం."

మాయమవుతుంది కూడా, అదే దాని గొప్ప. ఆ ట్యూబులో మూడు మందులు కాపురం చేస్తుంటాయి: శిలీంధ్రాన్ని చంపడానికి ఒకటి, తామరతో ఏ సంబంధమూ లేని యాంటీబయాటిక్ ఒకటి, ఇద్దరినీ మించిన స్టిరాయిడ్ ఒకటి. ఈ మూడోది చర్మం కాపలావాణ్ణి జోకొట్టి పడుకోబెడుతుంది. ఎరుపు పోతుంది, దురద పోతుంది, తామర మాత్రం నిశ్చింతగా పాకుతుంది. గుండ్రటి అంచులు చెదిరిపోయి, చివరికి డాక్టరు చూసినా ఇది తామరేనా అని అనుమానపడేట్టు వేషం మారుస్తుంది. కుర్రాడు ట్యూబు ఆపిన వారానికి దురద రెట్టింపై తిరిగొస్తుంది. వాడు మళ్ళీ షాపుకొస్తాడు. కొన్నాళ్ళకు గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు మటుకు ఏ మందుకూ పూర్తిగా పోవు.

2018లో ప్రభుత్వం ఇలాంటి 14 స్టిరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్నమాట. చట్టం చట్టం దగ్గరే ఉంది, ట్యూబు కౌంటరు మీదే ఉంది.

ఇంత సేవ జరిగాక ఫలితాలు కూడా రావాలి కదా. వారణాసిలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు రెండువందల మంది తామర రోగులను నాలుగు జట్లుగా విడదీసి నాలుగు రకాల మాత్రలిచ్చారు. ఎనిమిది వారాలయ్యాక 2020లో వచ్చిన మార్కుల జాబితా ఇదీ: ఇట్రాకొనజోల్‌కు నూటికి 66, ఫ్లూకొనజోల్‌కు 42, టెర్బినాఫిన్‌కు 28, గ్రిసియోఫుల్విన్‌కు 14. మన ఇంటర్ బోర్డు లెక్కలో మొదటిది ఫస్ట్ క్లాసు, రెండోది గట్టెక్కింది. ఒకప్పుడు రెండు వారాల్లో పని ముగించిన టెర్బినాఫిన్‌కు సప్లిమెంటరీయే గతి. ఫస్ట్ క్లాసు మాత్ర కూడా రెండు నెలలు మింగితే ప్రతి ముగ్గురిలో ఒకరు ఇంకా గోక్కుంటూనే ఉన్నారు.

రెండో కుర్చీ అదే కౌంటరు మీది కంటి చుక్కలకు వేద్దాం. 2023 వానాకాలంలో కళ్ళకలక ఊరంతా తిరిగినప్పుడు వీటి వైభవం చూశాం. అది చాలావరకు వైరస్ పని. యాంటీబయాటిక్ చుక్కలు దాన్నేమీ చేయలేవు, తడిగుడ్డతో పుసి తుడుచుకుంటూ ఓపిక పడితే తనంతట తగ్గుతుంది. ఓపికకు ఎంఆర్‌పీ లేదు కాబట్టి ఎవరూ అమ్మరు. స్టిరాయిడ్ చుక్కలకు ఉంది. ఎరుపు గంటల్లో దిగుతుంది, వైరస్ మాత్రం ఇంకొన్నాళ్ళు మకాం పెడుతుంది. అదే పనిగా వేసుకుంటూ పోతే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు.

పొలంలో అయితే ఇంకా ఘోరం. నూర్పిళ్ళప్పుడు వడ్ల పొట్టు కంట్లో పడి నల్లగుడ్డు మీద పుండవుతుంది. దానికి చాలాసార్లు శిలీంధ్రమే కారణం. పక్కింటివాళ్ళు పోయినేడు వాడగా మిగిలిన స్టిరాయిడ్ సీసా అక్కడ చేరిందా, ఆ శిలీంధ్రానికి పండగే. అసలు మందు కొత్తదీ కాదు. మధురై అరవింద్ కంటి ఆసుపత్రి వైద్యులు అమెరికా పరిశోధకులతో కలిసి చేసి 2013లో ప్రకటించిన పరీక్షలో పాత నాటమైసిన్ చుక్కలే కొత్త వొరికొనజోల్‌ను ఓడించాయి. ఆ వార్తకు పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన ఎవరిస్తారు?

ఈ సన్మానానికి అధ్యక్షత వహించమని మా వీధి మందుల షాపాయన్ని అడిగాను. పొంగిపోయాడు. కాసేపు ఆలోచించి, "టెంటు, కుర్చీలు, మైకు అన్నీ నేను చూసుకుంటా సార్. గేటు దగ్గర చిన్న స్టాలు మాత్రం పెట్టుకోనివ్వండి" అన్నాడు.