ఒక్క మాట మీద పంతం

మీ దగ్గర దాపరికం ఎందుకు? గూగుల్‌లో సొంత పేరు కొట్టి చూసుకోనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. పక్కన ఎవరూ లేనప్పుడు చూసుకుంటాం, అంతే. నేను ఇంకో అడుగు ముందుకేశాను. 'బొబ్బిలి' అని కొడితే లోకమంతటా నా పేజీయే ముందు రావాలని పంతం పట్టాను.

అది బొబ్బిలి వీణ గురించిన పేజీ. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ ఎలా చేస్తారో, కావాలంటే ఎవరిని అడగాలో ఇంగ్లీషులో రాసి పెట్టాను. 'బొబ్బిలి వీణ' అని వెతికేవాళ్లకు బాగానే కనిపించేది. పై దేశాల్లోని మనవాళ్లు ఉత్తరాలు రాసేవారు. ఆ ఉత్తరాలను వీణలు చేసేవాళ్లకు అందించేవాణ్ణి. అంతకన్నా ఏం కావాలి? కానీ నాకు చాల్లేదు. ఒక్క 'బొబ్బిలి' అని కొడితే 1757 నాటి పోరు, 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం', 1982 నాటి 'బొబ్బిలి పులి', 1990 నాటి 'బొబ్బిలి రాజా' సినిమాలు వరస కట్టేవి. నా వీణ పాతాళంలో ఉండేది. నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక్క మాట చెబితే అడిగినవాడి మనసులో ఏముందో యంత్రానికి మాత్రం ఎలా తెలుస్తుంది? సినిమా కావాలా, కోట కావాలా, రైలు టైము కావాలా? రెండో మాట చేరిస్తేనే కోరిక తేటపడుతుంది. మనం టైపు చేస్తుండగానే గూగుల్ కింద సూచనలు పరిచేది అందుకే. వీణ కావలసినవాడు ఆ మాట చేర్చుకుని ఎలాగూ నా దగ్గరకే వస్తున్నాడు. పులి కోసం వచ్చినవాడికి వీణ చూపించి నేను బావుకునేదేమిటి? ఆ బుద్ధి అప్పుడు లేకపోయింది.

"మొదటి స్థానం గ్యారంటీ" అంటూ ఒకాయన తగిలాడు. ఆయన కిటుకంతా లింకుల్లోనే ఉంది. గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో ప్రకటించిన పద్ధతిలో ఒక పేజీ మరో పేజీకి ఇచ్చే లింకును సిఫార్సుగా లెక్కిస్తారు. ఊళ్లో నలుగురు పెద్దమనుషులు మంచివాడంటే కొత్తవాళ్లు నమ్మినట్టే. మనం మీట నొక్కాక ప్రతి పేజీనీ చదివి నిజానిజాలు తేల్చే వ్యవధి గూగుల్‌కు ఉండదు. జవాబు సెకనులో పదో వంతు నుంచి నాలుగు పదో వంతుల దాకా ఆలస్యమైతే జనం వెతకడం 0.2 నుంచి 0.6 శాతం తగ్గుతుందని 2009లో గూగుల్ తన పరీక్షల్లో గమనించింది. అందుకే పేజీలను ముందే చదివి, మాటలవారీగా సూచిక కట్టి, సిఫార్సులు లెక్కవేసి ఉంచుకుంటారు. దొంగ సిఫార్సులు చొరబడేది ఆ ముందస్తు లెక్కలోకే. నేను డబ్బు పోసి కొన్నవి అవే. పేకాట సైట్లూ, బరువు తగ్గించే మాత్రల సైట్లూ నా వీణకు సాక్ష్యం చెప్పాయి.

కొన్నాళ్లకు నా కంప్యూటర్‌లో నా పేజీ మొదటికొచ్చింది. కాళ్లు నేల మీద ఆనలేదు. విజయనగరంలో బంధువుల పెళ్లికి వెళ్లాను, విడిదింట్లో చెప్పాను, పంక్తిలో చెప్పాను, పురోహితుడికీ చెప్పాను, మావయ్య ఫోను లాక్కుని 'బొబ్బిలి' కొట్టాను, చుట్టూ తలలు చేరాయి, వీణ లేదు, కిందకి జరిపాను, లేదు, ఇంకా జరిపాను, లేదు. "ఏట్రా అల్లుడూ, వీణన్నావు, పులి కనబడతంది!" అన్నాడు మావయ్య.

2009 డిసెంబరు నుంచి గూగుల్ ఎవరు ఏం చూస్తుంటారో దాన్నిబట్టి వాళ్లవాళ్లకు వరస మార్చి చూపించసాగింది. పొద్దస్తమానం నా పేజీని నేనే తెరుచుకుంటుంటే నాకు దాన్నే ముందు పెట్టింది. మనల్ని మెచ్చుకునే అద్దం దొరికితే వదలగలమా?

అవమానం ఒక్కటే అయితే మరిచిపోయేవాణ్ణి. 2012 ఏప్రిల్ 24న లింకుల మోసాలపై గూగుల్ 'పెంగ్విన్' మార్పు తెచ్చింది. ఇంగ్లీషు వెతుకులాటల్లో 3.1 శాతం మీద దాని ప్రభావం ఉంటుందని చెప్పింది. ఆ తర్వాత 'బొబ్బిలి వీణ' అని కొట్టినా నా పేజీ కనిపించలేదు. ఉత్తరాలు ఆగిపోయాయి. పనస చెక్క ముందు ఉలి పట్టుకుని కూర్చున్న మనిషికి రావలసిన బేరం నా డాబుకు బలైంది. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ అక్టోబరులో, ఫలానా లింకులను లెక్కలోంచి తీసేయమని రాసిచ్చే వీలు వచ్చింది. కొన్నవాటన్నిటినీ ఏరి రాసిచ్చాను. 2016 నుంచి పెంగ్విన్ అలాంటి లింకుల విలువనే తీసేస్తోంది. అంటే ఇప్పుడు కొనేవాడికి మిగిలేది ఖర్చే.

పలాస జీడిపప్పు అమ్మినా, వీణ అమ్మినా, లింకులకు పోసే డబ్బుతో మంచి ఫొటోలు తీయించి, ధర, చిరునామా సరిగ్గా రాసి పెట్టండి. వెతికేటప్పుడు ఒక్క మాటతో ఆగకండి. ఊరు, వస్తువు, అవసరం మూడూ చేర్చండి. ముందు వచ్చిందల్లా మంచిదనుకోకండి. ముందుకు రావడానికి ఎవరు ఎంత పోశారో తెరమీద కనిపించదు.